చెండుపోరులో పడవ వ్యూహం

గండ్రకోట మైదానాన్ని కట్టించినవాడెవడోగాని, ఆటకోసం కట్టించినట్టు మాత్రం లేదు. నాలుగువైపులా నల్లరాతి మెట్లు. మెట్ల మొదట్లో నోళ్ళు తెరుచుకున్న కంచుసింహాలు, వాటి కళ్ళలో నిప్పుకణికల్లాంటి కెంపులు. తూర్పున స్ఫటికస్తంభాలమీద నిలిచిన రాజమండపం, దానికి ముత్యాల జాలరులు, నెమలిపింఛాల గొడుగులు, గాలి వీచినప్పుడల్లా ఘల్లుమనే వెండిగంటలు. మండపాన్ని ఆనుకుని మేఘాలను తాకే బురుజు. ఇంత వైభవం మధ్య నేలమీద మాత్రం గడ్డిపరక లేదు. అంతా ఎర్రటి గులకరాళ్ళు. పడితే మోకాలిచిప్ప మిగలదు.

ఆ ఉదయం మెట్లమీద ఇసుక వేస్తే రాలనంత జనం చేరారు. ముసలివాళ్ళు, ముత్తయిదువలు, చంటిబిడ్డల తల్లులు, అందరి ఒళ్ళోనూ గుప్పెడేసి రాళ్ళున్నాయి. దిగువదేశం మనిషి కంటబడితే రాయి విసరడం గండ్రకోటలో ఉగ్గుపాలతో పాటు నేర్పే విద్య.

దక్షిణద్వారం తెరుచుకుంది. పదకొండుమంది దిగువదేశస్థులు లోపలికి వచ్చారు. మొదటి రాయి ముందు నడుస్తున్న యువకుడి భుజానికి తగిలింది. అతడు తలెత్తి, రాయి వచ్చిన వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ సమయంలో అంత పొగరు పనికిరాదుగాని, పుట్టుక అలాంటిది.

అతడు హేమాంగదుడు, పాలవెల్లి రాజ్యానికి యువరాజు. ఆ సంగతి అక్కడ అతడికి తప్ప మరెవరికీ తెలియదు. తలకు ముతక పాగా, మోకాళ్ళదాకా ఎగగట్టిన పంచె, ముఖాన మసి. వెనక వస్తున్న పదిమంది పడవవాళ్ళ లెక్కలో అతడి పేరు సింగన, కొలువునుంచి వెళ్ళగొట్టిన సిపాయి. పాలవెల్లి రాజవంశం మనిషి దొరికితే గండ్రకోటవాళ్ళు తలను కోటగుమ్మానికి కడతారు, మొండేన్ని గద్దలకు వేస్తారు. అందుకే ఆ మసి.

ఇంత సాహసానికి కారణం తరళానది. పాలవెల్లికి అదే ప్రాణం. గండ్రకోట దగ్గర రెండు కొండల ఇరుకులో ఇనుపతలుపుల తూము కట్టి దాన్ని బిగించినవాడు మాంత్రికుడు విషముష్టి. తూముకు పైన చెరువు నిండి, చెరువు నడుమ ఉన్న రాతి భైరవి పెదవులను నీరు తాకిననాడు తనకు ఇక చావు ఉండదని వాడి నమ్మకం. వాడికి చావు లేకుండా పోవడానికి కింద దేశం దేశమంతా చావాలి. పాలవెల్లిలో బావులు అడుగంటాయి. తల్లులు తడిగుడ్డతో పిల్లల నాలుకలు తుడుస్తున్నారు. యుద్ధానికి వద్దామంటే సైన్యానికి నడిచే ఓపిక లేదు.

మిగిలింది ఒక్కటే దారి. కోట పునాదులనాటి ఆచారం ఒకటుంది. పదకొండుమంది వచ్చి గుమ్మంలో చెండును నేలకు కొట్టి అడిగితే గండ్రకోట చెండుపోరు పెట్టి తీరాలి. వచ్చినవాళ్ళు గెలిస్తే వాళ్ళు అడిగిన ఒక్క కోరిక తీర్చాలి. ఓడితే పదకొండుమందికీ బతికినంతకాలం ఉప్పుగనులు. ఆచారం తప్పితే సింహాసనం కింది రాయి పగిలి రాజవంశం నశిస్తుందని శాపం. రాజు దుందుభివర్మ మాంత్రికుడి చేతిలో కీలుబొమ్మే, కాని ఆ శాపం పేరు చెబితే అతడికి నిద్ర పట్టదు.

హేమాంగదుడు తనతోపాటు పదిమంది కోసం వెతికితే, ఎండిన ఊళ్ళల్లో కాళ్ళలో సత్తువ మిగిలినవాళ్ళు సరంగు పోలయ్య జట్టే దొరికారు. ఏటి పడవకు పెద్దదిక్కు సరంగు. చుక్కాని అతడిది, మాట అతడిది. వస్తాంగాని పడవను వదిలి రామన్నాడు పోలయ్య. నీళ్ళులేని ఏటికి పడవెందుకని సింగన ఎంత చెప్పినా వినలేదు. పదిమందీ దాన్ని భుజాలకెత్తుకుని, ఎండు ఇసుకలో మోసుకుంటూ వచ్చారు. ఇప్పుడది కోట కింద తూము తలుపుల ఎదుట ఇసుకలో ఒరిగి ఉంది.

పోలయ్యకు సింగన అంటే గిట్టదు. రాజుగారి కొలువు వాసన తగిలిన ఎవడన్నా గిట్టదు. కిందటి వరదలో యువరాజు దండు ఏరు దాటాలని, వద్దు మొర్రో అంటున్నా వినకుండా భటులు పడవ కట్టించారు. నడియేట్లో పోలయ్య తమ్ముడు కొట్టుకుపోయాడు. ఆజ్ఞ ఇచ్చిన యువరాజు ఒడ్డున గుడారంలో ఉన్నాడట, ముఖం కూడా చూపించలేదట. ఆ యువరాజు చేతికి చిక్కితే ఏమేం చేస్తాడో పోలయ్య దారిపొడుగునా వర్ణించాడు. సింగన తల వంచుకుని అంతా విన్నాడు.

రాజమండపం ముందు వ్యూహపీఠం ఉంది. నున్నటి నల్లరాతి పలక అది. చెండుపోరుకు ముందు రెండు పక్షాలూ తమ మనుషులు ఎవరెక్కడ నిలబడతారో దానిమీద మట్టిముద్దలు అద్ది బాహాటంగా చూపించాలి. గండ్రకోటవి ఎర్రముద్దలు, వచ్చినవాళ్ళవి తెల్లముద్దలు. అద్దినది అద్దినట్టే ఆడాలి. మధ్యలో వ్యూహం ఒక్కసారి మార్చుకోవచ్చు, దానికి వెల ఒక ముద్ద. మార్చేవాడు తన ముద్దల్లో ఒకదాన్ని తీసి శత్రువు చేతిలో పెట్టాలి. అది ఎవరి ముద్దో వాడు ఆట ఎలా ముగిసినా సరే, శత్రువుకు బందీ. అంత వెల పెట్టి వ్యూహం మార్చినవాడు ఇంతవరకు పుట్టలేదు.

విషముష్టి బురుజు దిగి వచ్చాడు. ఒళ్ళంతా బూడిద, మెడలో పాముకుబుసాల దండ, చేతిలో వెండితొడుగు వేసిన ఢక్కా. వాడు ఎర్రముద్దలను తాపీగా అద్దాడు. గవని, అంటే రెండు రాతికంబాల మధ్య దారి, అక్కడ ఒకటి. మిగిలినవన్నీ బండిచక్రంలాగా గుండ్రంగా, నడుమ ఇరుసులాగా ఒకటి. గండ్రకోట ఆటగాళ్ళు వాడి మంత్రభస్మం మింగినవాళ్ళు. ఢక్కా ఎలా మోగితే అలా కదులుతారు. అలుపు తెలియదు, నొప్పి తెలియదు.

హేమాంగదుడు గురుకులంలో వ్యూహశాస్త్రం చదివి మెప్పు పొందినవాడు. తెల్లముద్దలను గరుడవ్యూహంగా అద్దాడు. పక్షి ముక్కు తాను. వెనక రెండు రెక్కలు, పొట్ట, తోక. పొడుగువాళ్ళను రెక్కల్లో పెట్టాడు, దిట్టమైనవాళ్ళను పొట్టలో పెట్టాడు. పడవలో ఒకే బల్లమీద కూర్చుని ఒకడు ఎడమ తెడ్డు, ఒకడు కుడి తెడ్డు వేసే అప్పన్ననూ లోవన్ననూ, ఎత్తుల తేడా చూసి, చెరో మూలకు పంపాడు. పోలయ్య ముసలివాడు, అడ్డం రాకుండా ఉంటే చాలని ఎడమరెక్క అంచుకు తోశాడు. గవని కాయడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, పడవలో చేరిన నీళ్ళు తోడిపోసే నూకయ్యను నిలబెట్టాడు. తెలిసి చేసింది కాదుగాని, ఆ ఒక్కటీ సరిగ్గా కుదిరింది.

తర్వాత ఒక ఆజ్ఞ కూడా వేశాడు. చెండు ఎప్పుడూ ముందుకే పోవాలి. వెనక్కి తన్నినవాడు పిరికివాడు.

“ఎవడ్రా నీకు ఆట నేర్పింది?” అన్నాడు పోలయ్య.

“రాజులకు నేర్పిన గురువులే.”

“అందుకే అలా ఉంది,” అని పోలయ్య కింద ఉమ్మేసి వెళ్ళి రెక్క అంచున నిలబడ్డాడు.

శంఖం మోగింది. జింకతోలులో బూరుగుదూది కూరి కుట్టిన చెండు నేలను తాకింది. మూడుసార్లు ముందుగా గవని దాటించినవాళ్ళదే గెలుపు.

ఆరంభం చూస్తే హేమాంగదుడిని మించినవాడు లేడనిపించింది. చెండును పాదానికి అతికించుకున్నట్టు తీసుకుపోయాడు. ఎర్రమనుషుల్లో ఒకణ్ణి ఎడమకు ఏమార్చాడు, ఇంకొకణ్ణి కుడికి, మూడోవాడి కాళ్ళ సందునుంచి చెండును దొర్లించి, ఎగిరి తన్నాడు. చెండు గవని దాటి మెట్లకు కొట్టుకుంది. జనం చేతుల్లోని రాళ్ళన్నీ ఒకేసారి లేచాయి. నుదుటినుంచి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ హేమాంగదుడు తన గరుడుణ్ణి చూసి తానే మురిసిపోయాడు. ఆ మురిపెమే కొంప ముంచింది.

తిరిగి బురుజు ఎక్కిన విషముష్టి ఢక్కా మోగించాడు. చక్రం తిరిగింది. ఈసారి యువరాజు చెండు అందుకోగానే చుట్టూ ఎర్రగోడ లేచింది. సాయానికి రెక్కలవైపు చూశాడు. రెక్కలు ఎక్కడో ఉన్నాయి. తోక ఇంకెక్కడో ఉంది. పక్కవాడు ఏం చేస్తాడో పక్కవాడికి తెలియదు. లోవన్న అలవాటుకొద్దీ చూడకుండా ఎడమకు తన్నితే, అక్కడ ఉండాల్సిన అప్పన్న మైదానం అటు చివర ఉన్నాడు. చెండు చక్రంలో చిక్కింది, దొర్లింది, నూకయ్య ఎదమీదుగా గవని దాటింది.

మళ్ళీ శంఖం, మళ్ళీ చక్రం. ముక్కు ముందుకు పొడుచుకుపోతుంటే ఒళ్ళు వెనక ఉండిపోయింది. అప్పన్న చెండుతో చిక్కుబడి, వెనక ఖాళీగా ఉన్న మనిషికి ఇవ్వబోయి, ఆజ్ఞ గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ ఆగిన రెప్పపాటులో ఎర్రమనిషి మోకాలు అతడి డొక్కలో దిగింది. నూకయ్య ఈసారి ఒళ్ళంతా పరిచి రెండుసార్లు ఆపాడు. మూడోసారి ఆపలేకపోయాడు. గండ్రకోటకు రెండు, వచ్చినవాళ్ళకు ఒకటి.

ఇంకొక్కసారి దాటితే పాలవెల్లికి నీళ్ళు లేవు.

ఆచారం ప్రకారం అక్కడ దాహవిరామం. గండ్రకోటవాళ్ళకు కొత్తకుండల్లో వట్టివేళ్ళు వేసిన నీళ్ళు వచ్చాయి. వచ్చినవాళ్ళ ముందు కూడా ఒక కుండ పెట్టారు. నూకయ్య వంచి చూస్తే అందులో తరళానది ఎండు ఇసుక ఉంది. మెట్లమీద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

పోలయ్య యువరాజుమీదికి వచ్చాడు. ఇంతసేపూ ఎదర నిలబడి తన వీపు చూపించడం తప్ప ఏం ఒరగబెట్టావని అడిగాడు. దారిలో చెప్పిన తిట్లు చాలవన్నట్టు కొత్తవి కలిపి తిట్టాడు. హేమాంగదుడు కూడా ఊరుకోలేదు. మీకు అడుగు వేయడం రాదు, చెప్పిన చోట నిలబడడం రాదు, చేతకానివాళ్ళతో చెండుపోరుకు రావడం నా బుద్ధితక్కువ అన్నాడు. అప్పన్న డొక్క పట్టుకుని లేవబోతే పోలయ్య కసిరి కూర్చోబెట్టాడు.

“ఎనక్కి తన్నొద్దన్నావు గదా,” అన్నాడు పోలయ్య. “తెడ్డు ఎనక్కి పోకండా పడవ ఎదరకి ఎలా పోద్దిరా? ఏ గురువు సెప్పాడ్రా నీకు?”

హేమాంగదుడు వాళ్ళనూ తిడదామని మిగిలినవాళ్ళవైపు తిరిగాడు.

వాళ్ళు నేలమీద కూలబడి ఉన్నారు. కూర్చోమని చెప్పినవాడు లేడు, ఎక్కడ కూర్చోవాలో చెప్పినవాడూ లేడు. అయినా ఇద్దరిద్దరుగా, ఒకరి వెనక ఒకరుగా, నాలుగు వరసల్లో కూర్చున్నారు. లోవన్న పక్కన అప్పన్న. ఎడమవాడు ఎడమన, కుడివాడు కుడిన. వాళ్ళ కాళ్ళ దగ్గర ఒదిగి నూకయ్య. అందరి ముఖాలూ ఒకే వైపు, పోలయ్య వైపు తిరిగి ఉన్నాయి. పడవలో వాళ్ళు కూర్చునే తీరే అది. తెడ్డువేసేవాళ్ళు దారికి వీపు పెడతారు. వాళ్ళకు కనిపించేది వెనక చుక్కాని పట్టుకున్న సరంగు ఒక్కడే. దారి చూసేవాడు అతడు. బతుకంతా వాళ్ళు ముందుకు పోయింది వెనకవాణ్ణి నమ్ముకుని.

అలాంటి జట్టుకు హేమాంగదుడు ముక్కు తగిలించాడు. సరంగును మూలకు నెట్టాడు. బల్ల తోడును విడదీశాడు. ఇంత చదువు చదివి మనుషులకు తగ్గ వ్యూహం వేయకుండా వ్యూహానికి మనుషుల్ని నరికి అతికించాడు.

అతడు వ్యూహపీఠం దగ్గరకు నడిచాడు. గరుడుణ్ణి చెరిపేశాడు. గవనిలో నూకయ్య ముద్ద. దాని ముందు ఒంటరిగా పోలయ్య ముద్ద. అక్కడినుంచి జంటలు జంటలుగా, ఎడమా కుడీ, పడవలో కూర్చున్నట్టే ఎనిమిది ముద్దలు. పడవ నిండిపోయింది. ఒక ముద్ద అతడి చేతిలో మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టినా పడవ చెడుతుంది. ఎక్కడా చోటు లేని ఆ ముద్ద తనదేనని అర్థమయ్యాక, హేమాంగదుడు దాన్ని పిడికిట్లో గట్టిగా బిగించాడు. భయం వేసింది. ఉప్పుగనులు గుర్తొచ్చాయి, కోటగుమ్మానికి వేలాడే తలలు గుర్తొచ్చాయి.

“వ్యూహం మారుస్తున్నాం,” అన్నాడు పెద్దగా. “వెల ఇదిగో.”

పోలయ్య గబగబా వచ్చి పీఠం చూశాడు. తన ముద్ద ఎక్కడుందో చూశాడు. యువరాజు చేతిలో ఉన్నది చూశాడు.

“పారిపోతన్నావా?” అన్నాడు అనుమానంగా.

“వాళ్ళ చెరలోకి ఎవడైనా పారిపోతాడా? నేను మీ పడవలో మనిషిని కాను, సరంగూ. చుక్కాని నీది. వెనక్కి తన్నొద్దని నేను చెప్పిన మాట మరిచిపోండి.”

పోలయ్య ముఖం మెత్తబడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ముందే ఈ బుద్ధి ఉంటే రెండు గవనులు పోయేవి కాదుగా అని గొణుక్కుంటూ వెళ్ళి, మైదానంలో తన చోట కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

భటులు హేమాంగదుడి చేతులు విరిచికట్టి బురుజుమీదికి ఈడ్చుకుపోయారు. విషముష్టి ఆ తెల్లముద్దను తీసుకుని, చూడనైనా చూడకుండా మొలలో దోపుకున్నాడు. నాయకుడు లేని మందను తొక్కెయ్యడానికి ఎంతసేపన్నట్టు నవ్వి, ఢక్కా ఎత్తాడు.

శంఖం మోగింది. చెండు కుడివైపు లోవన్నకు చిక్కింది. ఢక్కా ఢమఢమలాడింది, చక్రమంతా కుడికి దొర్లింది. బురుజుమీదనుంచి చూస్తే హేమాంగదుడికి అప్పుడు తెలిసింది. చక్రం ఎటు దొర్లితే అటు దొర్లడమేగాని, రెండోవైపు కాపలాకు ఒక్కణ్ణీ ఉంచదు. మైదానంలో ఎడమ సగం బోసిపోయి ఉంది.

“హైలెస్సా,” అని కేక వేశాడు పోలయ్య. వరదలో ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు వినపడే గొంతు అది. లోవన్న తల తిప్పకుండా మడమతో చెండును వెనక్కి తన్నాడు. అది సూటిగా పోలయ్య పాదం ముందుకు వచ్చింది. ముసలివాడు పరుగెత్తలేదు. అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న ఎడమకు ఒక్క తన్ను తన్నాడు. అక్కడ అప్పన్న అప్పటికే పరుగులో ఉన్నాడు. కుడి తెడ్డు లేస్తే ఎడమ తెడ్డు లేవాలని అతడికి ఒకరు చెప్పక్కర్లేదు. డొక్క పట్టుకునే పరుగెత్తి, పట్టుకునే తన్నాడు. చక్రం వెనక్కి తిరిగేలోపు చెండు గవని దాటింది.

రెండూ రెండూ.

విషముష్టి ముఖం నల్లబడింది. ఎర్రముద్దలు మార్చుకునే హక్కు వాడికీ ఉంది. కాని వాడు వెల కట్టే రకం కాదు. ఢక్కాను రెట్టింపు వేగంతో వాయించాడు. పది ఎర్రశరీరాలు సుడిగాలిలా తిరిగాయి. పడవవాళ్ళు ఎడమకు మార్చితే ఎడమకు, కుడికి మార్చితే కుడికి. ఎముక విరిగిన చప్పుడు పైదాకా వినిపించింది. లోవన్న చెయ్యి వేలాడుతోంది. చెండు నూకయ్యమీద విరుచుకుపడింది. అతడు ఛాతీతో తోసేశాడు. మళ్ళీ వచ్చింది. తలతో తోసేశాడు. మళ్ళీ వచ్చింది. చిల్లుపడ్డ పడవలో నీళ్ళు తోడినట్టు, ఎంత వస్తే అంత బయటికి తోసేస్తూనే ఉన్నాడు.

విసుగెత్తిన విషముష్టి చేయకూడని పని చేశాడు. గుప్పెడు బూడిద తీసి మంత్రించి మైదానంమీదికి ఊదాడు. ఎర్రనేల బుగ్గిలా పైకి లేచింది. రాజమండపం మాయమైంది, మెట్లు మాయమయ్యాయి. ధూళి కోట గోడలంత ఎత్తు కమ్ముకుంది. దిగువవాళ్ళు గుడ్డివాళ్ళయ్యారని వాడు సంబరపడ్డాడు. ఆ సంబరంలో ఢక్కా ఎత్తి కిందికి చూస్తే, వాడికి కూడా ఏమీ కనిపించలేదు.

చెండు ఎక్కడుందో తెలియని వాయింపరి ఎటని వాయిస్తాడు? కుడికి ఒక దెబ్బ వేశాడు, ఎడమకు ఒక దెబ్బ వేశాడు. ధూళిలో ఒకరినొకరు గుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది. దానితోపాటు ఇంకొక శబ్దం కూడా.

“హైలెస్సా… ఎడమ పట్టు… ఎనక్కి… కుడి పట్టు…”

దారికి వీపు పెట్టి బతికినవాళ్ళకు దారి కనిపించకపోతే కొత్తగా వచ్చిన కష్టమేముంది? హేమాంగదుడు కట్లలోనే ముందుకు వంగి ఆ కేకలను వెంబడించాడు. గొంతు గవనికి దగ్గరవుతోంది. ఆగింది. చెండును వెనక్కి రమ్మంది. మళ్ళీ ముందుకు పంపింది. ఆ తర్వాత ఏ కేకా లేదు. ధూళిలోనుంచి చెండు ఒంటరిగా బయటపడి, మెట్లదాకా దొర్లుకుంటూ వచ్చి, కంచుసింహం పాదాల దగ్గర ఆగింది.

గవని దాటించినవాడు లోవన్న. చెయ్యి విరిగినా కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.

జనం రాళ్ళు విసరడం మరిచిపోయారు. దుందుభివర్మ సింహాసనంమీదనుంచి దిగి, దాని కింది రాయిని తడిమి చూసుకుని, తూము తలుపులు ఎత్తమని ఆజ్ఞాపించాడు. గొలుసులు కిర్రుమన్నాయి. ఇనుపతలుపులు లేచాయి. తరళానది కొండల ఇరుకులోనుంచి విరుచుకుపడి, ఎండిన ఇసుకను నల్లగా తడిపి, దిగువకు దూకింది. హేమాంగదుడు ఆ చప్పుడు విని కళ్ళు మూసుకున్నాడు. ఆనందంతో ఏడుపు వచ్చింది, ఏడ్చాడు.

భటులు ఆచారం ప్రకారం పదిమందినీ కోట దిగి పోనిచ్చారు. వాళ్ళు పడవ దగ్గరకు చేరేసరికి నీరు దాన్ని ఎత్తుతోంది. ఎక్కి ఎవరి బల్లమీద వాళ్ళు కూర్చున్నారు. నూకయ్య లోవన్న చేతికి తన పాగా చింపి కట్టి, అతడి తెడ్డు తాను అందుకున్నాడు. పోలయ్య ఒడ్డు బండకు కట్టిన తాడు విప్పుతున్నాడు.

అప్పుడు బురుజుమీద విషముష్టి మొలలోంచి తెల్లముద్దను తీశాడు. పోయిన పరువుకు కసితీరా నలుపుదామని పైకెత్తాడు, ఎత్తినవాడు ఆగిపోయాడు. పిడికిట్లో బిగించిన అరచేతి గీతలన్నీ మట్టిలో అచ్చుపడి ఉన్నాయి. నడుమ స్పష్టంగా శంఖరేఖ. పాలవెల్లి రాజవంశంలో మగబిడ్డ అరచేతిలో తప్ప అది మరొకరికి ఉండదు. వాడు బందీ ముఖంమీది మసిని ఒక్క చేతితో తుడిచి, పగలబడి నవ్వాడు.

“దిగువవాళ్ళారా, వినండి,” వాడి గొంతు కొండల్లో మారుమోగింది. “మీరు నాకు కట్టిన వెల పాలవెల్లి యువరాజు హేమాంగదుడు. నీరు పోయినా నాకు విచారం లేదు. భైరవి పెదవులు తడపడానికి రాజరక్తం చాలు. సూర్యుడు కొండ దిగేలోగా వీణ్ణి చెరువు నడుమకు తీసుకుపోతున్నాను.”

పోలయ్య చేతిలో తాడు ఉంది. గుడారంలో ముఖం దాచుకున్న యువరాజు, దారిపొడుగునా తన తిట్లు విన్న సింగన, చోటులేని ముద్ద చేతపట్టుకున్న మనిషి, ముగ్గురూ ఒక్కడే. ఏటి వాలు పడవను ఇంటివైపు లాగుతోంది. తాడు వదిలితే చాలు, తెడ్డు కూడా వెయ్యక్కర్లేదు.

“సరంగూ,” అన్నాడు నూకయ్య మెల్లగా. “మనూరికేనా?”

“నా తమ్ముణ్ణి ముంచినోడు ఆడు,” అన్నాడు పోలయ్య. “ఆణ్ణి తిట్టాలి, సొక్కా పట్టుకుని అడగాలి, ఆడి ముందు ఏడవాలి. అదంతా నా పని. మజ్జిన ఈ బూడిదమొగంగాడెవడు?”

తాడు విసిరేసి చుక్కాని పట్టుకున్నాడు. పడవ ముక్కును ఇంటివైపునుంచి తిప్పి, తెరిచిన తూము వైపు, చెరువు వైపు, దూకుతున్న ఏటికి ఎదురుగా పెట్టాడు.

“ఎదురు పట్టండి.”

తెడ్లన్నీ ఒక్కసారి వెనక్కి వెళ్ళాయి. పడవ అంగుళం కదిలింది. మళ్ళీ కేక, మళ్ళీ అంగుళం. నురగ పడవవాళ్ళ వీపులమీద విరుగుతోంది. బురుజుమీద విషముష్టి అది చూసి, గొలుసులు వదలండని అరిచాడు. మండపంలోనుంచి దుందుభివర్మ వద్దు వద్దని మొత్తుకున్నాడు. భటులు ఎవరి మాట వినాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బందీని చెరువులోకి తీసుకుపొమ్మని ఎర్రమనుషులకు అప్పగించి, మాంత్రికుడే పరుగెత్తి గొలుసును మంత్రించిన కత్తితో తెగనరికాడు.

సింహాసనం కింద రాయి ఫెళ్ళుమంది. ఇనుపతలుపు తుప్పు రాలుస్తూ కిందికి జారసాగింది. పడవ ముక్కు దాని కింద దూరింది. మొదటి బల్ల దాటింది. రెండోది, మూడోది దాటాయి. దారికి వీపు పెట్టి తెడ్డువేస్తున్నవాళ్ళకు తలుపు ఎక్కడిదాకా దిగిందో ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. అది తమ సరంగు నెత్తిమీదికే దిగుతోంది. అప్పన్న నోరు తెరిచాడు. పోలయ్య కళ్ళతోనే అతణ్ణి ఆపాడు. వెనక నిలబడేవాడు చివర దాటాలి. అతడు పైకి చూడలేదు, చుక్కాని వదలలేదు, చెరువు నడుమ భైరవి పాదాల దగ్గరకు ఎర్రమనుషులు తెప్పమీద ఈడ్చుకుపోతున్న మనిషినే చూస్తూ మళ్ళీ కేక వేశాడు.